తంగేడు పువ్వుకు పట్టం, తంగేడు చెక్కకు వెలి
(మన చేతుల చరిత్ర – 7వ భాగం)



గత భాగంలో కుమ్మరి సారె గురించి రాసినప్పుడు విద్యార్థి మిత్రులు చాలామంది ఒకే ప్రశ్న వేశారు. "అన్నా, కులవృత్తులను బతికిస్తామని ప్రభుత్వాలు ఇన్ని పథకాలు పెడుతున్నాయి కదా, మరి తోలు పని సంగతేంది? ఆ జాబితాలో మనం ఎక్కడున్నం?" ఈ భాగం మొత్తం ఆ ప్రశ్నకు జవాబు. జాబితాలో ఎక్కడున్నామో వెతుక్కుంటూ పోతే మన చరిత్రే బయటపడుతుంది. కాస్త ఓపికగా చదవండి.

1. రావిర్యాల, తుక్కుగూడ: రెండు సభలు

హైదరాబాద్ దక్షిణాన ఔటర్ రింగ్ రోడ్డు మీద రావిర్యాల ఉంది. ఇబ్రహీంపట్నం వైపు పోయేవాళ్ళకు తెలిసిన ఊరే. ఇవాళ ఆ పేరు చెబితే పట్నం పిల్లలకు గుర్తొచ్చేది 2016లో తెరిచిన వండర్‌లా. కాస్త పెద్దవాళ్ళకు హార్డ్‌వేర్ పార్కు, 2006లో ఆర్భాటంగా ప్రకటించిన ఫ్యాబ్ సిటీ గుర్తొస్తాయి. కానీ మనకు ఈ ఊరు గుర్తుండాల్సింది ఇంకో కారణంతో.

2021 ఆగస్టు 18న రావిర్యాలలో కాంగ్రెస్ పార్టీ పెద్ద సభ పెట్టింది. పేరు "దళిత గిరిజన ఆత్మగౌరవ దండోరా". అంతకు 9 రోజుల ముందు ఇంద్రవెల్లిలో మొదటి దండోరా జరిగింది, రావిర్యాలది రెండోది. సరిగ్గా రెండు రోజుల ముందే, ఆగస్టు 16న, అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ హుజూరాబాద్‌లో దళిత బంధు మొదలుపెట్టారు. కుటుంబానికి 10 లక్షలు. అంటే ఆ వారం రాష్ట్ర రాజకీయమంతా మన చుట్టే తిరిగింది.

"దండోరా" అన్న మాట ఎవరిదో మీకు తెలుసు. ఊళ్ళో ఏ కబురు చెప్పాలన్నా, శిస్తు కట్టమన్నా, చెరువు తూము తెరుస్తున్నామన్నా డప్పు కొట్టి చాటింది మాదిగోడు. ఆ మాటను ఆత్మగౌరవపు మాటగా మార్చింది 1994 జూలై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో పుట్టిన మాదిగ రిజర్వేషన్ పోరాట సమితి. ఆ పోరాటం 30 ఏళ్ళు నడిచి 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు తీర్పు దాకా, 2025 ఏప్రిల్ 14న తెలంగాణలో వర్గీకరణ చట్టం అమల్లోకి వచ్చేదాకా చేరింది. కాబట్టి దండోరా అన్న పేరు ఏ పార్టీ పెట్టుకున్నా దాని వెనుక మన చేతులున్నాయి, మన తోలుంది.

ఇక రెండో సభ. రావిర్యాల పక్కనే తుక్కుగూడ. 2023 సెప్టెంబరు 17న అక్కడ కాంగ్రెస్ విజయభేరి జరిగింది. సోనియా గాంధీ వచ్చారు, ఆరు గ్యారంటీలు ప్రకటించారు. అందులో ఒకటి చేయూత, నెలకు 4,000 రూపాయల పింఛను. ఎవరెవరికి? వృద్ధులు, వితంతువులు, వికలాంగులు, ఒంటరి మహిళలు, బీడీ కార్మికులు, గీత కార్మికులు, చేనేత కార్మికులు, కొన్ని జబ్బులతో బాధపడేవాళ్ళు. జాబితా మళ్ళీ ఒకసారి చదవండి. చెట్టెక్కే గీత కార్మికుడు ఉన్నాడు, ఉండాలి. మగ్గం మీద నేసే చేనేత కార్మికుడు ఉన్నాడు, ఉండాలి. చెప్పులు కుట్టేవాడు లేడు. డప్పు కొట్టేవాడు లేడు. రెండేళ్ళ క్రితం పక్క ఊళ్ళో సభకు తన డప్పు పేరు పెట్టుకున్న పార్టీ, డప్పు కొట్టే మనిషిని మాత్రం జాబితాలో రాయలేదు.

ఇది ఒక్క పార్టీ తప్పు అనుకుంటే మనం చరిత్రను సగమే చదివినట్టు. 2014లో టీఆర్ఎస్ ప్రభుత్వం తెచ్చిన ఆసరా పింఛన్లలోనూ చేనేత, గీత కార్మికులకు చోటు దొరికింది, తోలు పనివాళ్ళకు దొరకలేదు. పక్క రాష్ట్రం ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం పింఛను జాబితాలో సంప్రదాయ చర్మకారులు అని, డప్పు కళాకారులు అని విడిగా రెండు వర్గాలున్నాయి. 2024 జూలై నుంచి వాళ్ళకు నెలకు 4,000 ఇస్తున్నారు. అంటే ఇది సాధ్యం కాని కోరికేం కాదు. కృష్ణ దాటితే ఉన్న హక్కు ఇటువైపు లేదు, అంతే.

అదే 2023 సెప్టెంబరు 17న ఢిల్లీలో ఇంకో పథకం మొదలైంది: ప్రధానమంత్రి విశ్వకర్మ. దాని గురించి తర్వాత చెప్తాను. ముందు అసలు ఈ జాబితాల్లోకి ఎక్కని పని ఏమిటో తెలుసుకుందాం. మన పిల్లల్లోనే చాలామందికి తెలియదు.

2. లంద అంటే ఏమిటి

చచ్చిన గొడ్డు తోలు రెండు మూడు రోజుల్లో కుళ్ళిపోతుంది. కుళ్ళే దాన్ని పదేళ్ళు ఎండకూ వానకూ తట్టుకునే వస్తువుగా మార్చడం తోలు పనిలో అసలు విద్య. కుట్టడం ఆ తర్వాతి సంగతి.

మా తాత కాలంలో వాడ చివర లంద ఉండేది. లంద అంటే తోళ్ళు నానబెట్టే తొట్టి. పచ్చి తోలును ముందు సున్నం నీళ్ళలో కొన్ని రోజులు నానేస్తారు. వెంట్రుక కుదుళ్ళు వదులవుతాయి. అప్పుడు బండ మీద పరిచి ఒకవైపు వెంట్రుకలు, మరోవైపు అంటుకున్న మాంసం గీకేస్తారు. సున్నం పోయేదాకా కడుగుతారు. ఆ తర్వాత తంగేడు చెక్క దంచి నానబెట్టిన నీళ్ళలో వేస్తారు. మొదట పలుచని నీళ్ళు, రోజులు గడిచేకొద్దీ చిక్కని నీళ్ళు. ఒకేసారి చిక్కటి దాంట్లో వేస్తే పైపొర బిగుసుకుపోయి లోపలికి రసం దిగదు. కొన్నిచోట్ల తోలునే సంచిలా కుట్టి, లోపల చెక్క రసం పోసి వేలాడదీసేవాళ్ళు. కరక్కాయ పొడి, చివర్లో నూనె పట్టించడం. మొత్తం దాదాపు నెల రోజుల పని.

తంగేడు చెక్కలో, కరక్కాయలో ఉండే టానిన్ తోలులోని పీచుతో కలిసి దాన్ని కుళ్ళనీయకుండా చేస్తుంది. ఈ ముక్క ఇవాళ రసాయన శాస్త్రం పుస్తకంలో ఉంటుంది. పుస్తకం లేని రోజుల్లో, బడి గుమ్మం తొక్కనీయని రోజుల్లో, వాసన చూసి, వేలితో నొక్కి, కొసను కొరికి చూసి ఏ రోజు నీళ్ళు మార్చాలో చెప్పినవాళ్ళు మనవాళ్ళు. కంచ ఐలయ్య 2009లో వచ్చిన "పోస్ట్ హిందూ ఇండియా"లో మాదిగలను శాస్త్రవేత్తలన్నది ఊరికే పొగడటానికి కాదు.

ఇక్కడ ఒక విషయం గమనించండి. తెలంగాణ వచ్చాక 2014 నవంబరులో రాష్ట్ర చిహ్నాలు ప్రకటించారు. పక్షి పాలపిట్ట, జంతువు జింక, చెట్టు జమ్మి, పువ్వు తంగేడు. బతుకమ్మలో పేర్చే తంగేడు పువ్వు రాష్ట్ర పుష్పమైంది. మంచిదే, మన ఆడబిడ్డలూ బతుకమ్మ పేరుస్తారు. కానీ ఆ చెట్టు పువ్వు ఊరిదైతే, చెక్క వాడది. పువ్వుకు పీట వేశారు. చెక్కను దంచిన చేతిని ముట్టుకోలేదు. పైగా రావిర్యాల చుట్టుపక్కల చూడండి, గట్లూ బీళ్ళూ ప్లాట్లయ్యాయి. తంగేడు మొలిచేదే ఆ గట్ల మీద, ఆ బీళ్ళలో.

3. వెట్టి నుంచి మోటారు దాకా

"పూర్వం కులవృత్తులు పచ్చగా ఉండేవి, ఊరంతా ఒకరికొకరు ఆధారంగా బతికేవాళ్ళు" అని ఒక కథ చెబుతారు. పునరుద్ధరణ అన్న మాట ఆ కథ మీదే నిలబడి ఉంది. పూర్వం ఎట్లున్నదో కాస్త దగ్గరగా చూద్దాం.

నిజాం రాజ్యంలో వ్యవసాయం తోలు లేకుండా ఒక్క రోజు నడవదు. మోట బావి ఉంటే తొండం కావాలి. తొండం తోలుది. ఎడ్లకు వార్లు కావాలి, చర్నకోల కావాలి. పొలం పోయేవాడికి కిర్రు చెప్పులు కావాలి. ఇవన్నీ చేసినందుకు మాదిగకు దక్కింది కళ్ళం దగ్గర మేర. పంట పండితే నాలుగు కుంచాలు, పండకపోతే అదీ లేదు. ధర అడిగే హక్కు లేదు, ఎందుకంటే అది అమ్మకం కాదు, ఆనవాయితీ. దొరకూ పటేల్‌కూ పట్వారీకీ అయితే ఆ మేర కూడా లేదు, వెట్టి. సుందరయ్య తన తెలంగాణ పోరాట చరిత్రలో ఈ వెట్టిని వివరంగా నమోదు చేశాడు. చెప్పులు, వ్యవసాయానికి కావలసిన తోలు సామాను దొరలకు ఉచితంగా ఇచ్చి తీరాల్సి వచ్చేదని రాశాడు.

అంటే నైపుణ్యం ఉంది, సరుకుకు గిరాకీ ఉంది, కానీ ధర లేదు. ప్రపంచంలో ఏ చేతివృత్తి అయినా ధర లేకుండా పెరిగిందా? నేతగాడి చీర సంతకు పోయింది, దేశాలు దాటింది. మన తొండం మాత్రం ఊరి పొలిమేర దాటలేదు.

ఇదే కాలంలో పక్కనున్న మద్రాసు ప్రెసిడెన్సీలో ఏం జరిగిందో చూడాలి, ఎందుకంటే మన తోలు భవిష్యత్తు అక్కడే తేలింది. అక్కడ ఆల్ఫ్రెడ్ ఛటర్టన్ అనే ఇంజినీరు ప్రభుత్వ పరిశ్రమల పనులు చూసేవాడు. 1903 ప్రాంతంలో ఆయన క్రోమ్ పద్ధతిలో తోళ్ళ శుద్ధి ప్రయోగాలు మొదలుపెట్టాడు. చెక్క రసంతో నెల పట్టే పని క్రోమియం లవణాలతో రోజుల్లో అయిపోతుంది. ఆ క్రోమ్ తోలు నీళ్ళకు బాగా ఆగుతుందని బావుల మోటలకు కూడా వాడి చూశారు. అదే ఛటర్టన్ బావుల మీద ఆయిల్ ఇంజిన్లు, పంపులు పెట్టించడానికీ పాటుపడ్డాడు. మన పనికి రెండు వైపుల నుంచి వచ్చిన మార్పు ఒక్క మనిషి ఉద్యోగంలో కనిపిస్తుంది. ఒక చేత్తో లందను, మరో చేత్తో మోటను పక్కకు నెట్టిన కాలం అది.

యంత్రం రావడం తప్పని నేననను. మోట తోలే జీతగాడి నడుము విరిగే చాకిరీ పోవడం మంచిదే. నా ప్రశ్న వేరే. మోటకు బదులు మోటారు వచ్చినప్పుడు రైతుకు కరెంటు వచ్చింది, రాయితీ వచ్చింది, అప్పు వచ్చింది. తొండం చేసినవాడికి ఏం వచ్చింది? ఊళ్ళోకి కరెంటు మోటార్లు, బాటా బూట్లు, రబ్బరు స్లిప్పర్లు వరుసగా వచ్చాయి. లంద ఎండిపోయింది. వాడ మాత్రం ఊరి చివరే ఉండిపోయింది. పని పోయాక కూడా పని తెచ్చిన పేరు పోలేదు.

4. ఢిల్లీ చేసిన విధానం

స్వాతంత్ర్యం వచ్చాక ప్రభుత్వం ఏమీ చేయలేదనడం తప్పు. చాలా చేసింది. ఎవరి కోసం చేసిందన్నదే చూడాలి.

1948లో మద్రాసులో కేంద్ర తోలు పరిశోధన సంస్థ పెట్టారు. 1952లో అఖిల భారత హస్తకళల బోర్డు. 1957లో ఖాదీ గ్రామీణ పరిశ్రమల కమిషన్, అందులో గ్రామీణ తోలు పని కూడా ఒక పద్దు. 1972లో సీతారామయ్య కమిటీ, పచ్చి తోళ్ళు, సగం శుద్ధి చేసిన తోళ్ళు ఎగుమతి చేయడం మాని తయారైన తోలు ఎగుమతి చేయమంది. దేశానికి విదేశీ మారకం కావాలి. ఆ లెక్క సరైనదే. కానీ తయారైన తోలు చేయాలంటే పెద్ద టానరీ కావాలి, యంత్రాలు కావాలి, రసాయనాలు కావాలి, పెట్టుబడి కావాలి. వాణియంబాడి, ఆంబూరు, రాణిపేట, కాన్పూరు పెరిగాయి. ఊళ్ళో చచ్చిన గొడ్డు తోలు దళారి సైకిల్ మీద ఎక్కి అటు పోయింది. విద్య తెలిసినవాడు తోలు ఒలిచి అప్పగించే కూలీ అయ్యాడు. ఆ టానరీలు పాలారు నీళ్ళను ఎంత పాడుచేశాయో 1996లో సుప్రీంకోర్టు దాకా పోయింది. లంద కంపు అని మన వాడను ఊరి బయట పెట్టిన సమాజం, క్రోమియం కలిసిన ఏరును మాత్రం చాలా ఏళ్ళు అభివృద్ధి అనుకుంది.

మన రాష్ట్రంలో 1973లో తోలు పరిశ్రమల అభివృద్ధి సంస్థ పుట్టింది, పేరు లిడ్‌క్యాప్. ఒక ప్రభుత్వ సంస్థ, మన వృత్తి పేరు మీద. దాని హైదరాబాద్ ప్రాంగణం ఎక్కడుందో తెలుసా? గచ్చిబౌలి, రాయదుర్గం దగ్గర. ఇవాళ అక్కడ కేంద్ర ప్రభుత్వ పాదరక్షల డిజైన్ సంస్థ నడుస్తోంది, 2017 చట్టంతో జాతీయ ప్రాముఖ్యం ఉన్న సంస్థ అయింది. మన పిల్లలు అందులో చేరాలి, డిజైనర్లు కావాలి. అయితే అక్కడ అధ్యాపకుడి కుర్చీలో ఒక్క రోజైనా ఆరె, రంపె పట్టిన పెద్దమనిషిని కూర్చోబెట్టాలన్న ఆలోచన మన విధానాల్లో ఎక్కడుంది?

2001లో ఇంకో దెబ్బ తగిలింది. అప్పటిదాకా తోలు చెప్పులు, తోలు వస్తువులు చిన్న పరిశ్రమలకు మాత్రమే కేటాయించిన జాబితాలో ఉండేవి. ఆ ఏడాది తీసేశారు. చేనేతకు మాత్రం 1985లో రిజర్వేషన్ చట్టం వచ్చింది, కొన్ని రకాల బట్టలు మగ్గం మీదే నేయాలని. అమలు ఎంత బలహీనంగా ఉన్నా కాగితం మీద ఆ చట్టం ఇవాళ్టికీ ఉంది. చేనేత అన్నలు దాని కోసం పోరాడారు, పోరాడుతూనే ఉన్నారు. వాళ్ళకు దక్కింది ఎక్కువని నేననడం లేదు. ఆత్మహత్యలు చూసిన సిరిసిల్ల మన పక్కనే ఉంది. ఒక చేతివృత్తిని కాపాడాలంటే చట్టం, ఆర్డరు, మార్కెట్ అవసరమని ప్రభుత్వానికి తెలుసు. తెలిసి కూడా మన దగ్గర చేయలేదు.

తెలంగాణ వచ్చాక కూడా అదే వరుస. 2016 నుంచి చెరువుల్లో చేపపిల్లలు వదిలారు. 2017లో గొల్లకురుమలకు 75 శాతం సబ్సిడీతో గొర్రెలు ఇచ్చారు. అదే ఏడాది నుంచి బతుకమ్మ చీరల ఆర్డరు సిరిసిల్ల మరమగ్గాలకు ఇచ్చారు. 2021లో క్షౌరశాలలకు, లాండ్రీలకు నెలకు 250 యూనిట్ల ఉచిత కరెంటు. ఇందులో ప్రతి ఒక్కటీ ఆ వృత్తికి ముడిసరుకో, మార్కెట్టో, ఖర్చు తగ్గింపో ఇచ్చింది. దళిత బంధు వచ్చింది కదా అంటారు. దళిత బంధు పెట్టుబడి ఇచ్చింది, ఏ పని చేసుకుంటావో నీ ఇష్టం అంది. కులం పనికి కట్టేయకపోవడం అందులో మంచి గుణం, దాన్ని నేను ఒప్పుకుంటాను. కానీ ట్రాక్టరో కారో కొనుక్కున్నవాడికి అది దారి చూపింది గానీ, తోలు తెలిసినవాడికి తోలు సరుకు అమ్ముడుపోయే దారి చూపలేదు.

5. కళ ఎవరిది, కులవృత్తి ఎవరిది

ఇప్పుడు విశ్వకర్మ పథకం. 5 ఏళ్ళకు 13,000 కోట్లు. 18 వృత్తులు. పనిముట్లకు 15,000, శిక్షణలో రోజుకు 500, తర్వాత 5 శాతం వడ్డీకి ముందు లక్ష, ఆపైన 2 లక్షల అప్పు. జాబితాలో చర్మకారుడు ఉన్నాడు. అది ఒప్పుకోవాలి, అర్హులైన మనవాళ్ళు దరఖాస్తు పెట్టుకోవాలి. కానీ చెప్పు కుట్టేవాడు ఉన్నాడు, తోలు శుద్ధి చేసేవాడు లేడు. బొమ్మలు చేసేవాడు ఉన్నాడు, డప్పు చేసేవాడు లేడు. దరఖాస్తుకు మొదటి ధ్రువీకరణ గ్రామ పంచాయతీ స్థాయిలో జరగాలి. ఊళ్ళో సర్పంచి ఎవరో, మన వాడకూ ఆ ఇంటికీ మధ్య దూరం ఎంతో ఢిల్లీలో కూర్చున్నవాళ్ళకు తెలియకపోవచ్చు, మనకు తెలుసు.

ఇంకా లోతైన సమస్య ఒకటుంది. పథకం కుటుంబ సంప్రదాయంగా వచ్చే వృత్తులను లెక్కలోకి తీసుకుంటుంది. 18 ఏళ్ళ పిల్లాడు అర్హుడు. గురుశిష్య పరంపర అన్న మాట వాడుతుంది. తమిళనాడు ప్రభుత్వం 2024లో దీన్ని ఈ రూపంలో అమలు చేయమంది. కుటుంబ వృత్తి అన్న నిబంధన తీసేయాలి, కనీస వయసు 35 చేయాలి అని అడిగింది. 2025 ఏప్రిల్‌లో కులంతో సంబంధం లేకుండా 25 చేతివృత్తులకు సొంత పథకం తెచ్చుకుంది. తమిళనాడుకు ఈ ఎరుక ఊరికే రాలేదు. 1953లో రాజాజీ పూట బడి, పూట తండ్రి దగ్గర పని అనే విధానం తెచ్చినప్పుడు పెరియార్ దాన్ని కులవిద్య అని తిప్పికొట్టాడు. మరుసటి ఏడాది రాజాజీ పదవి దిగాడు, ఆ విధానమూ పోయింది. 18 ఏళ్ళ వయసు డిగ్రీలో చేరే వయసు. ఆ వయసు వాడికి తాత పనిముట్లు చేతికిచ్చే పథకాన్ని మనం అనుమానంతోనే చూడాలి.

మరి తోలు ఎక్కడా కళ కాలేదా? అయింది. శ్రీ సత్యసాయి జిల్లా ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మలు చేస్తారు. దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు జీఐ గుర్తింపు ఉంది. ఆ కళాకారులు దానికి పూర్తిగా అర్హులు. తోలు రామాయణం బొమ్మ అయితే, దీపపు గుడ్డ అయితే, హస్తకళ అవుతుంది, ఎగ్జిబిషన్‌లో కూర్చుంటుంది. అదే తోలు చెప్పు అయితే, డప్పు అయితే, కులవృత్తి అవుతుంది, చెట్టు కింద కూర్చుంటుంది. పదార్థం ఒకటే. తేడా ఏ చేయి పట్టుకుందన్న దాంట్లో ఉంది.

అవార్డు వస్తే బతుకు మారుతుందనీ అనుకోకండి. మాదిగల మీద ఆధారపడి వాళ్ళ వంశ చరిత్ర చెప్పే డక్కలి కులంలో పుట్టిన దర్శనం మొగులయ్య 12 మెట్ల కిన్నెర వాయిస్తాడు. 2022లో పద్మశ్రీ ఇచ్చారు. 2024 మేలో ఆయన ఇదే రంగారెడ్డి జిల్లా తుర్కయాంజాల్‌లో కూలి పని చేస్తున్న దృశ్యం దేశమంతా చూసింది. రావిర్యాలకు అదేమంత దూరం కాదు. కళను గౌరవించారు, కళాకారుడి నెల ఎట్లా గడుస్తుందో లెక్క వేయలేదు.

6. దేశం బయట నుంచి రెండు పాఠాలు

తోలు పనిని అంటరానితనంతో ముడిపెట్టింది మనం ఒక్కళ్ళమే కాదు. జపాన్‌లో బురాకు ప్రజల చరిత్ర చదవండి. పశువుల తోళ్ళు, చెప్పులు, డోళ్ళు, ఊరి చివర బతుకు. మన వాడను చూసినట్టే ఉంటుంది. 1871లో మెయిజీ ప్రభుత్వం వాళ్ళ అంటరాని హోదాను రద్దు చేస్తూ ఆజ్ఞ ఇచ్చింది. కాగితం మీద విముక్తి. కానీ అప్పటిదాకా తోలు పని మీద వాళ్ళకున్న ప్రత్యేక హక్కు కూడా దాంతోనే పోయింది. పెట్టుబడి ఉన్న బయటివాళ్ళు తోలు పరిశ్రమలోకి దిగారు. వివక్ష అట్లాగే ఉంది, ఆధారం పోయింది. 1922లో వాళ్ళు సుయిహేయిషా అనే సంఘం పెట్టుకుని దశాబ్దాలు కొట్లాడితే 1969లో ప్రత్యేక చట్టం వచ్చింది. వాడలకు ఇళ్ళు, రోడ్లు, పిల్లలకు చదువు సాయం దాని ద్వారా నడిచాయి. మన లంద ఎండిపోయిన కథకూ దీనికీ పోలిక మీకే కనిపిస్తుంది.

రెండో పాఠం ఇటలీది. టస్కనీలో చెట్టు బెరడు రసంతో తోలు చేసే టానరీలు 1994లో ఒక సంఘంగా ఏర్పడి తమ తోలుకు సొంత ముద్ర పెట్టుకున్నాయి. క్రోమియం లేని తోలు అంటే ఇవాళ ప్రపంచంలో ఎక్కువ ధర. మన లందలో జరిగింది కూడా అదే రకం పని.

2025 జూన్‌లో ఇటలీ కంపెనీ ప్రాడా మిలాన్‌లో చూపించిన చెప్పులు చూసి కొల్హాపూరు భగ్గుమంది. అచ్చం కొల్హాపురి చెప్పులు, పేరు మాత్రం లేదు. గొడవ అయ్యాక కంపెనీ మూలాన్ని ఒప్పుకుంది. ఆ ఏడాది డిసెంబరులో మహారాష్ట్ర, కర్ణాటక ప్రభుత్వ తోలు సంస్థలతో ఒప్పందం చేసుకుని, 2,000 జతలు ఇక్కడే చేయించి జత దాదాపు 800 యూరోలకు అమ్ముతానని ప్రకటించింది. ఇందులో గమనించాల్సింది ప్రాడా దొంగతనం ఒక్కటే కాదు. కొల్హాపురి చెప్పుకు 2019లో జీఐ వచ్చింది, రెండు రాష్ట్రాల 8 జిల్లాలకు. ఆ హక్కు ఆ రెండు తోలు సంస్థల పేరు మీద నమోదై ఉంది. పేరు నమోదై ఉండబట్టే అడగడానికి ఒక అర్హత దొరికింది. మన పోచంపల్లికి, నిర్మల్‌కు, చేర్యాలకు, పెంబర్తికి జీఐ ఉంది. మన కిర్రు చెప్పుకు, మన డప్పుకు ఆ దిశగా అడుగు వేసేదెవరు?

7. మరి వదిలేయమన్నారు కదా బాబాసాహెబ్?

ఇది చాలామంది యువకులు అడిగే ప్రశ్న, న్యాయమైన ప్రశ్న. 1927లో మహాడ్‌లో అంబేద్కర్ చచ్చిన పశువులను ఈడ్చే పని మానమన్నాడు. మన హైదరాబాద్‌లో భాగ్యరెడ్డి వర్మ 1910 నుంచీ బడులు పెట్టి చదువు వైపు నడిపించాడు. 2016 జూలైలో గుజరాత్‌లోని ఊనాలో చచ్చిన ఆవు తోలు ఒలుస్తున్న యువకులను కట్టేసి కొట్టినప్పుడు అక్కడి దళితులు "మీ గొడ్డును మీరే తీసుకోండి" అని కళేబరాలు ఎత్తడం మానేశారు. ఆ నిరాకరణ గొప్ప పోరాటం. దాన్ని వెనక్కు తిప్పే ఏ పునరుద్ధరణనూ నేను ఒప్పుకోను.

అంబేద్కర్ వదిలేయమన్నది బానిసత్వాన్ని. పుట్టుకను బట్టి ఒకడి నెత్తిన పెట్టిన పనిని, ధర లేని పనిని, కాదంటే దెబ్బలు పడే పనిని. ఆయన జ్ఞానాన్ని వదిలేయమనలేదు. వెట్టిని వదిలేస్తే మనం స్వతంత్రులం అవుతాం. జ్ఞానాన్ని కూడా వదిలేస్తే రేపు దాన్ని ఇంకొకడు పేటెంటుగా, బ్రాండుగా మనకే అమ్ముతాడు.

కాబట్టి మనకు కావాల్సింది "కులవృత్తుల పునరుద్ధరణ" కాదు. ఆ మాటలో మొదటి పదం కులం. మనకు కావాల్సింది పనిని కులం నుంచి విడదీసి, ఇన్నాళ్ళు ఆ పని చేసినవాళ్ళకు బాకీ తీర్చడం. చేయనని చెప్పే హక్కు ప్రతి పిల్లాడికీ ఉండాలి. చేస్తానన్నవాడికి ధర, గౌరవం, యాజమాన్యం ఉండాలి. ఈ రెండూ ఒకదానికొకటి అడ్డు కాదు.

8. ఏం అడగాలి

మిత్రులారా, వ్యాసం చదివి లైకు కొట్టి పోకండి. మీ మండలంలో, మీ కాలేజీలో అడగాల్సినవి ఇవి.

ఒకటి, తెలంగాణ పింఛను జాబితాలో చర్మకారులను, డప్పు కళాకారులను చేర్చాలి. పక్క రాష్ట్రంలో ఉన్నదే అడుగుతున్నాం.

రెండు, గురుకులాల పిల్లల బూట్లు, చెప్పులు, బెల్టుల ఆర్డర్లలో ఒక వాటా తోలు కార్మికుల సహకార సంఘాలకు రాసి ఇవ్వాలి. బతుకమ్మ చీరలకు మగ్గం దొరికింది. మన పిల్లల కాళ్ళకు మన చేతులు ఎందుకు దొరకవు? గురుకులాల్లో చదివేది ఎక్కువమంది మన పిల్లలే. ఆ ఆర్డరుతో ఎన్ని వాడలు నిలబడతాయో లెక్క వేయమనండి.

మూడు, లిడ్‌క్యాప్ పేరు మీద ఉన్న ప్రతి ఎకరం లెక్క బయటపెట్టాలి. ఆ భూమి తోలు కార్మికుల కోసం పుట్టిన సంస్థది. ఇది సమాచార హక్కు చట్టం కింద ఎవరైనా అడగొచ్చు. విద్యార్థులే మొదలుపెట్టండి.

నాలుగు, లంద విద్యను బడుగుల ఇళ్ళలో మిగిలిపోయిన జ్ఞాపకంగా వదలకుండా ఐటీఐల్లో, పాలిటెక్నిక్‌లలో, పాదరక్షల సంస్థలో పాఠంగా పెట్టాలి. అందరు పిల్లలకూ, అన్ని కులాలకూ. నేర్పేవాడిగా మన పెద్దవాళ్ళకు జీతం ఇవ్వాలి.

ఐదు, తెలంగాణ డప్పుకు, కిర్రు చెప్పుకు జీఐ దరఖాస్తు పెట్టాలి. హక్కుదారుగా కార్మిక సంఘమే ఉండాలి.

ఆరు, విశ్వకర్మ లాంటి పథకాల్లో పంచాయతీ పెద్ద ధ్రువీకరణ బదులు ప్రభుత్వ ఉద్యోగి ధ్రువీకరణ పెట్టమని, కుటుంబ వృత్తి అన్న మాట తీసేయమని డిమాండ్ చేయాలి.

వీటితోపాటు మీరే చేయగలిగింది ఒకటుంది. మీ వాడలో ఆరె, రంపె, గూటం ఇంకా దాచుకున్న ముసలివాళ్ళు ఉంటారు. ఫోన్ తీసుకెళ్ళి కూర్చోండి. ఏ తోలుకు ఎన్ని రోజులు, ఏ చెక్క, డప్పుకు చింతగింజల జిగురు ఎట్లా కాస్తారు, మూర్ఛన కోసం డప్పును ఎంతసేపు మంటకు చూపుతారు, చిర్ర ఎట్లా పట్టాలి, సిటికెన పుల్ల ఎట్లా ఆడాలి, అన్నీ రికార్డు చేయండి. వాళ్ళు పోతే ఆ పుస్తకం మళ్ళీ దొరకదు. రేపు జీఐ దరఖాస్తుకైనా, పాఠానికైనా, కోర్టులో వాదనకైనా అదే సాక్ష్యం.

రావిర్యాలలో దండోరా వేసినవాళ్ళు ఇవాళ అధికారంలో ఉన్నారు. పక్కనే తుక్కుగూడలో చదివిన జాబితాలో రెండు పేర్లు తక్కువయ్యాయని గుర్తు చేయడం మన పని. గుర్తు చేయడానికి మన దగ్గర డప్పు ఉండనే ఉంది.

వచ్చే భాగంలో మేదరి గంప, అడవి శాఖ చట్టాల గురించి రాస్తాను.

జై భీమ్.